అమ్మను అడిగారా?

అమెరికాలో పెద్దకొడుకు, బెంగళూరులో కూతురు, హైదరాబాద్‌లో చిన్నకొడుకు. ముగ్గురూ కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకుంటారు. పేరు ‘అమ్మ హెల్త్‌’. షుగర్‌ రీడింగులు, ఎక్స్‌రేలు, ఏ డాక్టరు హస్తవాసి మంచిది, ఆపరేషన్‌ అయ్యాక ఎవరింట్లో ఉంచాలి, ఆయాను పెడితే నెలకెంత... అన్నీ అక్కడే తేలిపోతాయి. కోడళ్లు ఉంటారు, అల్లుడు ఉంటాడు, వైద్యం చదివిన మేనల్లుడిని కూడా కలుపుకుంటారు. అమ్మ మాత్రం ఉండదు. భీమవరంలోనో ఖమ్మంలోనో ఇంటి అరుగు మీద కూర్చున్న ఆవిడకు ఒక సాయంత్రం ఫోన్‌ వస్తుంది. ‘‘అమ్మా, సోమవారం మోకాలి ఆపరేషన్‌. తమ్ముడు కారు పంపిస్తాడు. నువ్వేం ఆలోచించకు, అంతా మేం చూసుకుంటాం.’’

ఆ పిల్లలకు తల్లి మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. సెలవులు పెట్టుకున్నారు, డబ్బు సర్దారు, రాత్రిళ్లు మేలుకుని రిపోర్టులు చదివారు. కానీ కోత పడేది ఆవిడ మోకాలికి. ఆపరేషన్‌ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ నొప్పి భరించాల్సింది ఆవిడ. నొప్పి ఎంత ఉందో, దాన్ని ఎంతవరకు ఓర్చుకోగలదో, గుడి దాకా నడవడం తనకు ఎంత ముఖ్యమో తెలిసింది కూడా ఆవిడకే. అన్నీ తెలిసిన ఆ ఒక్క మనిషిని అడగకుండా జరిగిన చర్చ ఎంత ప్రేమగా సాగినా, అందులో పెద్ద లోటు ఉంది.

ఆసుపత్రి గదిలో ఈ లోటు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉంటారు. డాక్టరు గారు పక్కన నిలబడ్డ కొడుకును చూసి అడుగుతారు: ‘‘ఈయనకు ఆకలి ఎలా ఉంది? నిద్ర పడుతోందా?’’ కొడుకు జవాబు చెబుతాడు. తండ్రిని బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి, ‘‘నాన్నకు ఏం చెప్పకండి సార్, తట్టుకోలేరు’’ అంటాడు. అక్కడి నుంచి ఇంటిల్లిపాదీ ‘గ్యాస్‌ ట్రబుల్‌’ అనే మాట పట్టుకుంటారు. ఏ ఆసుపత్రికి తీసుకొచ్చారో బోర్డు చదవగలిగిన మనిషికి, వార్డులో పక్క మంచాల మీద ఎవరున్నారో చూసిన మనిషికి రోగమేమిటో తెలియకుండా ఉంటుందా? తెలుస్తుంది. పిల్లలు బాధపడతారని ఆయన కూడా తెలియనట్టే ఉంటారు. అలా ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకుంటూ, మాట్లాడుకోవాల్సిన నెలలు పోగొట్టుకుంటారు. తోడబుట్టిన చెల్లెల్ని ఒకసారి చూడాలనో, పొలం కాగితాలు సరిచేయాలనో, ఇంకో కీమో వద్దు ఊరికి తీసుకెళ్లమనో చెప్పే సందు ఆయనకు ఉండదు.

ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు, చట్టానికీ సంబంధించినదే. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి పునాది. ఆమె అప్పటికి 44 ఏళ్ల మనిషి. పరీక్ష కోసం మత్తు ఇచ్చాక, బయట కూర్చున్న తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. ఆ అనుమతి చెల్లదని కోర్టు తేల్చింది. నిర్ణయించుకోగల వయోజనురాలి తరఫున కన్నతల్లి కూడా సమ్మతి ఇవ్వడానికి వీల్లేదని, ప్రాణం మీదికొచ్చిన అత్యవసరం ఉంటే తప్ప ఆమె మేల్కొనే దాకా ఆగాల్సిందేనని చెప్పింది. కూతురి బదులు తల్లి ఒప్పుకోవడం ఎలా చెల్లదో, ఎనభై ఏళ్ల తల్లి స్పృహలో ఉండగా ఆమె బదులు కొడుకు ఒప్పుకోవడం కూడా అలాగే చెల్లదు. చట్టంలో వయోజనుడు కావడానికి కింది హద్దు 18 ఏళ్లు. పై హద్దంటూ లేదు.

మనలో ఒక మాట బాగా నాటుకుపోయింది, ముసలివాళ్లు చిన్నపిల్లలతో సమానమని. ముద్దుగానే అంటాం. నాకైతే ఈ మాట చేసినంత చెడు మరేదీ చేయలేదనిపిస్తుంది. చిన్నపిల్లవాడికి లోకం తెలియదు కాబట్టి మనం నిర్ణయిస్తాం. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి కరువులు చూశాడు, అప్పులు తీర్చాడు, పెళ్లిళ్లు చేశాడు, శవాలు మోశాడు. చెవి మందగించడం, అడుగు నెమ్మదించడం, చెప్పిందే మళ్లీ చెప్పడం తెలివి పోవడం కాదు. కానీ ఆయన వద్దన్నది చాదస్తమైపోతుంది, కావాలన్నది మొండితనమైపోతుంది. అవే మాటలు నలభై ఏళ్లప్పుడు అంటే అభిప్రాయాలనేవాళ్లం.

నెలకొకరి వంతు

ఇక మన ఊళ్లలో జరిగే వంతుల సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి.

పంపకాలకు పెద్దమనుషులు కూర్చుంటారు. పొలం ఎన్నెకరాలు ఎవరికి, ఇల్లు ఎవరికి, బంగారం, బాకీలు ఎవరికి అన్నీ కాగితం మీదికి ఎక్కుతాయి. చివర్లో అమ్మానాన్నల సంగతి వస్తుంది. ముగ్గురు కొడుకులైతే నెలకొకరి దగ్గర. ఇద్దరైతే నాన్న పెద్దవాడి దగ్గర, అమ్మ చిన్నవాడి దగ్గర. యాభై ఏళ్లు ఒకే కప్పు కింద కాపురం చేసిన ఇద్దరిని, ఒకరికొకరు మంచినీళ్లు అందించుకునే వయసులో, రెండు ఊళ్లకు విడదీసి కూర్చోబెడతారు. వాళ్లు అదే చాప మీద కూర్చుని వింటూనే ఉంటారు. ‘మీరేమంటారు?’ అని అడిగే పెద్దమనిషి అరుదు.

ఒకటో తారీఖు వస్తుంది. రెండు చీరలు, దువ్వెన, మందుల కవరు, దేవుడి పటం సంచిలో పెట్టుకుని ఆవిడ ఆటో ఎక్కుతుంది. ముప్పై ఒకటో తారీఖు ఎవరి లెక్కలోకి వస్తుందన్న దగ్గర కూడా మాటలు పడతాయి. ఈ ఏర్పాటు పిల్లల మధ్య న్యాయంగానే ఉంటుంది, ఎవరి మీదా ఎక్కువ బరువు పడదు. కానీ ఆవిడ ఆరోగ్యం దృష్టితో చూడండి. ఒక ఇంట్లో బీపీ మాత్ర మార్చిన సంగతి రెండో ఇంటికి చేరదు. షుగర్‌ పరీక్ష ఎవరు చేయిస్తారన్న దగ్గర రెండు నెలలు దాటిపోతాయి. ఇల్లు మారినప్పుడల్లా మంచం దిశ మారుతుంది, బాత్రూం దారి మారుతుంది, గడప ఎత్తు మారుతుంది. అర్ధరాత్రి నిద్రలో లేచి పాత ఇంటి లెక్కన అడుగు వేసి పడిపోయేది ఇలాగే. అప్పుడప్పుడే మతిమరుపు మొదలైన వాళ్లకైతే తెలియని చోటికి మార్చిన ప్రతిసారీ అయోమయం పెరుగుతుంది.

అడిగితే ఏమంటుంది? చాలామంది తల్లులు ‘‘మీ ఇష్టం నాయనా’’ అంటారు. అది విని, అడిగేశాం కదా అనుకుని లేచిపోకూడదు. జీవితమంతా ముందు నాన్న మాట, తర్వాత భర్త మాట, ఆ తర్వాత కొడుకుల మాట మీద నడిచిన మనిషి, నలుగురి ముందు ఇంకోలా చెప్పలేదు. పైగా కొడుకు, కోడలు ఎదురుగా ఉండగా ‘మీ ఇంట్లో ఉండలేను’ అని ఏ తల్లి అంటుంది? ఒక్కతే ఉన్నప్పుడు, తొందర లేనప్పుడు అడగాలి. ప్రశ్న చిన్నది చేయాలి. ఎవరింట్లో నిద్ర పడుతోంది? ఎక్కడ నీకు మాట్లాడటానికి మనుషులున్నారు? నాన్నా నువ్వూ ఒకచోట ఉండే వీలు చూడమంటావా? ఊళ్లో మన ఇంట్లోనే ఉంటావా, పక్కింటి అమ్మాయిని రాత్రి తోడుగా పడుకోమందామా? నిజంగా దొరికే దారులు ఆవిడ ముందు పెట్టినప్పుడే ‘మీ ఇష్టం’ వెనకున్న ఇష్టం బయటికి వస్తుంది.

పిల్లలకు భారం కాకూడదన్న మాట విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆపరేషన్‌ వద్దన్న ప్రతి పెద్దమనిషిదీ స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయం అనుకోలేం. ఖర్చు చూసి భయపడి వద్దంటున్నారా, కొడుకు ముఖం చిన్నబోయిందని వద్దంటున్నారా, నిజంగానే చాలనుకుంటున్నారా అన్నది విడదీసి తెలుసుకోవాలి. అడగకుండా చేయించడం ఒక తప్పయితే, వద్దన్నారు కదా అని ఊరట పడి చేతులు దులుపుకోవడం అంతకంటే పెద్ద తప్పు.

చేతిలో సంతకం, చేతిలో సొమ్ము

పెద్దల మాటకు విలువ ఎప్పుడు పోతుందో మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు: ఆస్తి రాసిచ్చేసిన రోజున. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఇది ఎరిగే 23వ సెక్షన్‌ పెట్టింది. తనను చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసిచ్చాక, తీసుకున్నవాళ్లు చూసుకోకపోతే ఆ దానపత్రాన్ని రద్దు చేయించుకోవచ్చు. మన దగ్గర ఇలాంటి ఫిర్యాదులు వినే ట్రిబ్యునల్‌ ఆర్డీవో కార్యాలయంలో ఉంటుంది. షరతు దస్తావేజులో ఉందా లేదా అన్న దానిపై కోర్టుల్లో చాలా వాదనలు నడిచాయి. 2022 చివర్లో సుప్రీంకోర్టు షరతు ఉన్నట్టు చూపించాల్సిందేనంది. 2025 జనవరిలో మరో కేసులో, ఇది పెద్దల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఉదారంగా అర్థం చేసుకోవాలంటూ ఒక తల్లి కొడుక్కి రాసిచ్చిన దానపత్రాన్ని రద్దు చేసింది. కోర్టు దాకా వెళ్లే పని లేకుండా ఉండాలంటే, రిజిస్ట్రేషన్‌ రోజునే ఆ షరతును దస్తావేజులో స్పష్టంగా రాయించుకోవడం మంచిది. ఎక్కడ ఉండాలనుకుంటున్నారో, వైద్యం ఎవరు చూడాలో అందులో చెప్పుకోవచ్చు. సలహా కోసం, ఫిర్యాదు కోసం ఎల్డర్‌ లైన్‌ 14567 ఉంది.

ఆస్తి లేనివాళ్లకు పింఛనే ఆస్తి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు రూ.4,000 అయింది, ఇంటికి తెచ్చి చేతిలో పెడుతున్నారు. ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంటుందన్నది కూడా సంరక్షణ విషయమే. తన డబ్బుతో కంటి చుక్కలు కొనుక్కున్న అవ్వ, మనవడికి పది రూపాయలిచ్చిన అవ్వ ఇంట్లో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. ఏటీఎం కార్డు కొడుకు జేబులో ఉన్నప్పుడు, పన్ను నొప్పి అని చెప్పడానికి కూడా ఆవిడ సమయం చూసుకోవాల్సి వస్తుంది.

చిన్న విషయాల్లో కూడా మాట చెల్లుబాటు కావడం మనిషిని నిలబెడుతుంది. 1976లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఎలెన్‌ లాంగర్, జూడిత్‌ రోడిన్‌ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వృద్ధుల నిలయంలో అధ్యయనం చేశారు. ఒక అంతస్తులోని వాళ్లకు గది సర్దుకోవడం, సినిమా ఏ రోజు చూడాలో, మొక్కకు నీళ్లు ఎప్పుడు పోయాలో అన్నీ మీ ఇష్టమన్నారు. రెండో అంతస్తులో అవే సౌకర్యాలు సిబ్బందే చూసుకున్నారు. సొంతంగా నిర్ణయించుకున్నవాళ్లు ఎక్కువ చురుగ్గా, సంతోషంగా కనిపించారు. చిన్న అధ్యయనం, దానిమీద పెద్ద మేడలు కట్టకూడదు. కానీ మన ఇళ్లలో ఇది చేసి చూడటానికి ఖర్చేమీ లేదు. స్నానం పొద్దున్నా సాయంత్రమా, రాత్రికి చపాతీయా మజ్జిగన్నమా, ఒళ్లు తుడిచేది మగ అటెండెంటా ఆడమనిషా అని అడగడం ఎంత పని? ఈ చివరి ప్రశ్న అడగకపోవడం వల్ల మంచం పట్టిన ఆడవాళ్లు ఎంత కుమిలిపోతారో వాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటే తెలుస్తుంది.

కెమెరాల సంగతీ ఇలాంటిదే. పరాయి దేశంలో ఉన్న పిల్లలు ఊళ్లో ఇంటి హాల్లో, కొన్నిచోట్ల పడగ్గదిలో కూడా సీసీ కెమెరా పెట్టిస్తున్నారు. పడిపోతే ఎవరు చూస్తారన్న భయం నిజమైనదే. అయినా చీర మార్చుకునే గదిలో తనను ఎవరు, ఎప్పుడు చూస్తున్నారో తెలియని బతుకు ఎవరికి బాగుంటుంది? ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే స్విచ్చు వాళ్ల చేతిలో ఉండాలి.

మతి తప్పుతున్నప్పుడు

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. దేశంలో 60 దాటినవాళ్లలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక అంచనా. కొడుకును అన్నయ్య అనుకునే తండ్రిని ఏమని అడగాలి?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీనికి మంచి దారి చూపింది. సమాచారం అర్థం చేసుకోగలిగి, నిర్ణయం వల్ల ఏమవుతుందో గ్రహించగలిగి, మాటతోనో సైగతోనో చెప్పగలిగితే ఆ మనిషికి తన వైద్యం గురించి నిర్ణయించుకునే సామర్థ్యం ఉన్నట్టే. చెప్పేటప్పుడు వాళ్లకు తెలిసే భాషలో, అవసరమైతే బొమ్మలతో, సైగలతో చెప్పాలి. ఆ నిర్ణయం మిగతావాళ్లకు తప్పుగా తోచినంత మాత్రాన సామర్థ్యం లేదనడానికి వీల్లేదు. ప్రతి కుటుంబం ఈ ఒక్క నియమాన్ని గుర్తుంచుకున్నా చాలా గొడవలు తగ్గుతాయి. జ్ఞాపకశక్తిని తీవ్రంగా దెబ్బతీసే రుగ్మతలు కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తాయి. ముందుగానే తన కోరికలు రాసిపెట్టుకోవచ్చు, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకోవచ్చు.

సామర్థ్యం ఒకేసారి మొత్తం పోయేది కాదు. బ్యాంకు లెక్క చూసుకోలేని మనిషి, ఎవరి చేత్తో అన్నం తినాలనుందో చెప్పగలదు. సాయంత్రం అయోమయపడే పెద్దాయన పొద్దున్న పదింటికి స్పష్టంగా మాట్లాడవచ్చు. అప్పుడే అడగాలి. వినికిడి యంత్రం పెట్టి, కళ్లజోడు తుడిచి ఇచ్చి, టీవీ ఆపి అడగాలి. మతి లేదనుకున్న ఎందరో నిజానికి ప్రశ్నే సరిగ్గా వినపడనివాళ్లు. మూత్రంలో ఇన్ఫెక్షన్‌ వచ్చినా, కొత్త మందు పడకపోయినా పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకపడతారు. దానికి వైద్యం చేస్తే చాలామంది తేరుకుంటారు. ఆ రెండు రోజుల తికమక చూసి జీవితాంతానికి తీర్పు చెప్పకూడదు.

ఒక చిక్కు మాత్రం ముందే తెలిసి ఉండాలి. చాలామంది తండ్రులు పిల్లల పేరున జనరల్‌ పవర్‌ ఆఫ్‌ అటార్నీ రాసి నిశ్చింతగా ఉంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, పవర్‌ ఇచ్చిన మనిషి మతి తప్పితే ఆ పవర్‌ రద్దయిపోతుంది. సరిగ్గా అవసరమైన రోజునే అది పనికిరాదు. డిమెన్షియా తీవ్రమైనవాళ్ల ఆస్తి వ్యవహారాలకు సంరక్షకుల కోసం కుటుంబాలు హైకోర్టు మెట్లెక్కాల్సి వస్తున్నది అందుకే. మాట స్పష్టంగా ఉన్న రోజుల్లోనే వీలునామా, బ్యాంకు నామినేషన్లు, వైద్యం గురించిన కోరికలు చూసుకోమనేది కూడా అందుకే.

ఐసీయూ తలుపు దగ్గర

86 ఏళ్ల విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్‌.పుట్టస్వామి 2012లో ఆధార్‌పై సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ధర్మాసనంలో ఉన్న కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్‌ జాస్తి చలమేశ్వర్‌, ఆయుష్షును పొడిగించే చికిత్సను వద్దనుకోవడం కూడా ఆ హక్కు పరిధిలోనిదేనని తన తీర్పులో రాశారు. ఈ దేశంలో ప్రతి ఒక్కరి శరీరంపై వారికే హక్కుందని తేల్చిన కేసు ఒక వృద్ధుడి పట్టుదల వల్ల వచ్చిందన్న సంగతి మనం పిల్లలకు చెప్పాలి.

2018 మార్చి 9న కామన్‌ కాజ్‌ కేసులో సుప్రీంకోర్టు, మాట్లాడలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే లివింగ్‌ విల్‌ను గుర్తించింది. మొదట పెట్టిన నిబంధనలు కష్టంగా ఉండటంతో 2023 జనవరిలో వాటిని సడలించింది. ఇప్పుడు 18 ఏళ్లు దాటి, మతి స్థిమితంగా ఉన్న ఎవరైనా ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్‌ అధికారితో ధ్రువీకరించుకుంటే చాలు. మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లే పని లేదు. కోలుకునే ఆశ లేని స్థితిలో వెంటిలేటరు లాంటివి ఏవి వద్దో, తాను మాట్లాడలేనప్పుడు ఎవరి మాట వినాలో అందులో రాయాలి. ఒకరి కంటే ఎక్కువ మంది పేర్లు రాయవచ్చు. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. ఆసుపత్రిలో రెండు వైద్య బోర్డులు పరిశీలించాకే అది అమలవుతుంది. స్పృహలో ఉండి, స్పష్టంగా చెప్పగలిగే మనిషి చికిత్స వద్దంటే మాత్రం ఏ బోర్డూ అక్కర్లేదు, ఆ మాటే చాలు.

వెంటిలేటరు వద్దన్న కుటుంబం చేత చాలాచోట్ల ‘డాక్టర్ల సలహాకు వ్యతిరేకంగా తీసుకెళ్తున్నాం’ అని సంతకం పెట్టించుకుని పంపేస్తారు. ఆ మనిషి నొప్పితో, ఆయాసంతో ఇంటికి చేరుతుంది, చేతిలో ఒక మాత్ర కూడా ఉండదు. ఒక చికిత్స వద్దనడమంటే వైద్యమే వద్దనడం కాదు. నొప్పి తగ్గించే, ఆయాసం తగ్గించే పాలియేటివ్‌ సంరక్షణ ఆ రోజు నుంచి ఇంకా ఎక్కువ కావాలి. హైదరాబాద్‌ ఎంఎన్‌జే కేన్సర్‌ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది, తెలంగాణలో జిల్లా కేంద్రాల్లో కూడా ఇలాంటివి వచ్చాయి. ఇలాంటి చోటు మీ దగ్గర్లో ఎక్కడుందో తెలుసుకుని పెట్టుకోండి. లివింగ్‌ విల్‌ రాసిన వాళ్లు దాన్ని బీరువాలో దాచకండి. ఒక కాపీ పేరు రాసిన మనిషి దగ్గర, ఒకటి చూసే డాక్టరు దగ్గర ఉంచండి. ఫొటో తీసి పిల్లలందరికీ పంపండి.

పెద్దల మాట గురించి ఇంత చెప్పుకున్నాక, ఆ ఇంట్లో ఎవరూ అడగని మరో మనిషి గురించి కూడా చెప్పాలి. మంచం దగ్గర రాత్రి మేలుకునేది, పక్కబట్టలు మార్చేది ఎక్కువ ఇళ్లలో కోడలో కూతురో. మామగారు ‘ఇల్లు వదలను, ఆసుపత్రికి రాను’ అంటే అది ఆయన హక్కు. దాంతో ఆ అమ్మాయి ఉద్యోగం మానేయాలనడం ఎవరి హక్కూ కాదు. తన శరీరం మీద ఆయనకున్న అధికారం, ఇంకొకరి బతుకు మీద అధికారం కాదు. అందుకే ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ అమ్మాయి తాను చేయగలిగింది ఇంతవరకని నిర్భయంగా చెప్పాలి. మిగతా పూటలకు కేర్‌టేకర్‌కు ఎంతవుతుందో, ఆ డబ్బు ఏ కొడుకు ఎంత ఇస్తాడో, రాత్రిపూట ఎవరుంటారో ఆయన ముందే లెక్క వేయాలి. కుదరనిది కుదరదని ఆయనకే చెప్పాలి. అప్పుడు ఇల్లా, కొడుకు ఫ్లాటా, వృద్ధాశ్రమమా, వారానికి నాలుగు రోజులు ఇక్కడ మూడు రోజులు అక్కడా అన్నది ఆయన తేల్చుకుంటారు. యాభై ఏళ్లు ఆ ఇంటి లెక్కలు చూసింది ఆయనే.